రోజుకు రెండుసార్లు దారి మునిగిపోయే ఊరు: హోలీ ఐలాండ్

నమస్తే అండీ. తెర మీద కనిపిస్తున్న ఈ తారు రోడ్డు చూడండి. కాసేపట్లో సముద్రం దీన్ని కప్పేస్తుంది.

మనం ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో, నార్తంబర్లాండ్‌లో ఉన్నాం. అవతలున్నది హోలీ ఐలాండ్, దాని పాత పేరు లిండిస్‌ఫార్న్. దీవి మొత్తం ఒకే పారిష్, అంటే మన పంచాయతీ లాంటిది. ఉన్నది ఒక్కటే ఊరు, అందులో ఉండేది సుమారు 150 మంది.

పోటు వచ్చిన ప్రతిసారీ ఈ దారి మూసుకుపోతుంది. ఎప్పుడు దాటొచ్చో కౌంటీ కౌన్సిల్ ముందే పట్టిక వేస్తుంది. అయినా తొందరపడి దిగినవాళ్ళ కార్లు ఏటా నీళ్ళలో చిక్కుకుంటూనే ఉంటాయి. అదిగో, స్తంభాల మీద నిలబెట్టిన ఆ తెల్ల గది అలాంటివాళ్ళ కోసమే. కారు వదిలేసి మెట్లెక్కి కూర్చుంటే లైఫ్‌బోట్ వచ్చి తీసుకెళ్తుంది. ఈ రోడ్డు వేసింది 1954లో. అంతకుముందు ఇసుక మీద బండ్లలోనో, కాలినడకనో వచ్చేవారు.

ఇక్కడివాళ్ళకు గడియారం కంటే ఆ పట్టికే ముఖ్యం. సరుకులు, డాక్టరు, చుట్టాల రాకపోకలు, అన్నీ దాన్ని చూసే పెట్టుకోవాలి. చిన్నపిల్లలైతే దారి తెరిచుంటే అవతలి బడికి వెళ్తారు, మూసుకుంటే ఊళ్ళోనే చదువుకుంటారు.

635లో స్కాట్లండ్ పశ్చిమ తీరంలోని ఐయోనా దీవి నుంచి ఐడన్ అనే సన్యాసి వచ్చి ఇక్కడ మఠం పెట్టాడు. తర్వాత కత్‌బర్ట్ అనే సన్యాసి ఇక్కడే బిషప్ అయ్యాడు. ఈ తీరంలోని ఐడర్ బాతులను ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఎనిమిదో శతాబ్దం మొదట్లో ఇక్కడ దూడతోలు మీద రాసిన సువార్తల ప్రతి ఇప్పుడు లండన్‌లో, బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులోని రంగుల అల్లికలు చూస్తే, ఇంత గాలిలో, ఇంత చలిలో ఆ చేతులు ఎలా కుదురుగా నిలిచాయా అనిపిస్తుంది నాకు. 793లో స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చిన వైకింగులు మఠాన్ని దోచారు. 875లో సన్యాసులు కత్‌బర్ట్ భౌతికకాయాన్ని మోసుకుంటూ దీవి వదిలి వెళ్ళిపోయారు.

ఇప్పుడు కనిపించే ఎర్రరాతి శిథిలాలు మాత్రం పన్నెండో శతాబ్దంలో కట్టిన మఠానివి. పైన సన్నగా మిగిలిన ఆ కమాను చూడండి. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ మఠాలను మూయించాక ఈ రాళ్ళు తీసుకెళ్ళి కోట కట్టారు. 1900ల మొదట్లో ల్యూటెన్స్ దాన్ని ఇల్లుగా మార్చాడు. మన న్యూఢిల్లీకి రూపమిచ్చిన ల్యూటెన్సే!

కోట దగ్గరా, రేవు ఒడ్డునా బోర్లించిన పడవలున్నాయి చూశారా? ఒకప్పుడు హెర్రింగ్ చేపలు పట్టిన పడవలవి. సగానికి కోసి, తారు పూసి, వలలూ సామానూ పెట్టుకునే కొట్లుగా వాడుకున్నారు. ఇప్పుడు పీతలు, లాబ్‌స్టర్లు పట్టే కొద్ది పడవలే మిగిలాయి.

ఏటా లక్షల మంది వస్తారు, ఎక్కువమంది రెండు మూడు గంటల్లో వెళ్ళిపోతారు. నా మాట విని ఒక రాత్రి ఉండండి. దారి మూసుకున్నాక వీధులు మళ్ళీ ఊరివాళ్ళవవుతాయి. ఇసుక దిబ్బల మీద సీళ్ళు, అంటే నీటికుక్కల్లాంటి సముద్ర జంతువులు, మూలుగుతుంటే ఊళ్ళోకి వినిపిస్తుంది.

లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్ నుంచి దగ్గర్లోని బెర్విక్ పట్టణానికి రైలుంది. అక్కడి నుంచి వచ్చే బస్సు వేళలు పోటును బట్టి మారుతుంటాయి. దారి చూపే గుంజల వెంట పాత ఇసుక దారిన నడిచి రావాలనుకుంటే, నీరు వెనక్కి తగ్గుతున్నప్పుడే బయల్దేరండి. రోడ్డుకి రాసిన వేళలు ఆ దారికి పనికిరావు, అది రోడ్డు కంటే ముందే మునుగుతుంది.