‘ఇటు చూడండి’ అనకండి

(ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం నాడు మా ఊరి గ్రంథాలయంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మా స్టూడియోకి తరచూ ఒక పని వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు పోయిన మూడో రోజో నాలుగో రోజో కొడుకో అల్లుడో వస్తారు. పెద్దకర్మ నాటికి ఫోటో కట్టించాలి. చేతిలో ఎప్పటిదో పెళ్లి గ్రూపు ఫోటో ఉంటుంది, లేదంటే ఆధార్ కార్డు. “ఇందులోంచి నాన్నగారిని తీసి పెద్దది చేయండి, వెనకాల నీలం రంగు పెట్టండి” అంటారు. చేసి ఇస్తాను. కాసేపు దాన్నే చూసి, చాలామంది ఒకటే మాట అంటారు. “బాగానే ఉందండీ, కానీ ఆయన ఇలా ఉండరు.”

ముప్పై ఏళ్లుగా ఈ మాట వింటున్నాను. ఫోటోలో ముఖం ఆయనదే. కానీ అది కెమెరా కోసం బిగబట్టిన ముఖం. ఇంట్లోవాళ్లకి తెలిసిన మనిషి వేరు. వీధి అరుగు మీద కూర్చుని, కళ్లజోడు నుదుటి మీదకి తోసి, పేపరు కళ్లకి ఆనించుకున్నట్టు పెట్టుకుని చదివే మనిషి. ఆయన్ని ఎవరూ ఫోటో తీయలేదు. రోజూ కనిపించేదే కదా అనుకున్నారు.

మా అమ్మ పోయాక నాకూ ఇదే జరిగింది. ఊళ్లో ఎన్నో పెళ్లిళ్లు తీసినవాణ్ణి, అమ్మ ఫోటోల కోసం ఇల్లంతా వెతికితే ఎనిమిది దొరికాయి. ఎనిమిదింట్లోనూ పట్టుచీరే. కొంగు నడుముకి దోపుకుని, పిండి అంటిన చేత్తో ముంగురులు వెనక్కి తోసుకునే అమ్మ ఒక్కదాంట్లోనూ లేదు. నాకు అమ్మ అంటే గుర్తొచ్చేది అదే. ఆ బాధే నన్ను ఈ రోజు మీ ముందు నిలబెట్టింది.

బిగుసుకుని నిలబడే అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో కాస్త చెప్తాను. 1839 ఆగస్టు 19న పారిస్‌లో, డాగేర్ అనే ఆయన కనిపెట్టిన ఫోటో తీసే పద్ధతిని లోకానికి వెల్లడించారు. ఆ తొలిరోజుల్లో ఒక్క బొమ్మ కోసం నిమిషాల తరబడి కదలకుండా ఉండాలి. తల ఊగకుండా వెనక ఇనప ఊత పెట్టేవాళ్లు. మన హైదరాబాద్‌లో నిజాం కొలువులో ఉన్న రాజా దీన్ దయాళ్ 1892లో ఆడవాళ్ల కోసమే జనానా స్టూడియో పెట్టి, అక్కడ ఫోటోలు తీయడానికి ఒక మహిళనే నియమించారు. పరదా దాటని ఆడవాళ్లకి ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. అయితే స్టూడియో అంటే స్టూడియోనే. మంచి బట్టలు కట్టుకుని వచ్చే చోటు. ఇంటి పని అక్కడికి రాదు.

ఇళ్లలోకి కెమెరా వచ్చాక రీలు లెక్క మొదలైంది. మా ఇంట్లో ఆగ్ఫా క్లిక్ త్రీ ఉండేది. ఒక రీలుకి 12 ఫోటోలే. ఆ పన్నెండులో ఒకటి అంట్లు తోముతున్న అమ్మ మీద ఎవరు ఖర్చుపెడతారు? పండక్కో, పుట్టినరోజుకో దాచుకునేవాళ్లం. ఇప్పుడా లెక్క లేదు, అయినా తీరు మారలేదు. ఫోన్ పైకెత్తగానే చేతిలో పని ఆపేసి వరసలో నిలబడతాం.

మా ఇంట్లో తీసిన ఒక ఫోటో గురించి చెప్తాను. పొద్దున ఏడున్నర. మా కోడలు మనవరాలికి రెండు జడలు వేస్తోంది. రిబ్బను ఒక కొస పళ్ల మధ్య పట్టుకుంది, రెండు చేతులూ జడలో ఉన్నాయి. పిల్ల తల వెనక్కి లాగించుకుంటూనే ఒళ్లో ఎక్కాల పుస్తకం చూస్తోంది. నేను ట్యూబ్‌లైట్ ఆపేశాను. తూర్పు కిటికీ వెలుతురు ఒక పక్క నుంచి చెంప మీదా, జడ పాయల మీదా పడింది. నిలబడి తీస్తే నడినెత్తి తప్ప ఏమీ రాదు, అందుకని నేల మీద కూర్చున్నాను. మొదటి రోజు ఇద్దరూ నావైపే చూశారు. రెండో రోజూ అంతే. మూడో రోజుకి నన్ను మర్చిపోయారు. పళ్ల మధ్య నుంచి రిబ్బను చేతిలోకి వచ్చేలోపు ఒక్క క్షణం దొరికింది. వేళ్లు కాస్త చెదిరాయి. పోటీలకి పంపితే తప్పు పడతారేమో గానీ, నాకు ఆ చెదరడమే ఇష్టం. చేతులు కదులుతున్నాయని తెలుస్తోంది.

మీరూ ఇలాగే ఒక పని ఎంచుకోండి. ఫోన్‌లో జూమ్ చేయకండి, రెండడుగులు దగ్గరికి వెళ్లండి. వెనక కిటికీ ఉండి ముఖం నల్లగా వస్తుంటే తెర మీద ముఖాన్ని ఒకసారి తాకండి, సర్దుకుంటుంది. ‘ఇటు చూడండి’ అని మాత్రం అనకండి.

“అయ్యో, ఇప్పుడా? నలిగిన చీరలో ఉన్నాను” అంటుంది అమ్మ. ఆ మాట కొట్టిపారేయకండి. తీశాక ఆవిడకే ముందు చూపించండి. వద్దంటే చెరిపేయండి. స్నానం చేస్తున్న పిల్లలు, మంచాన పడ్డ పెద్దవాళ్లు, వీళ్ల ఫోటోలు స్టేటస్‌లో పెట్టేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది. ఇంటి ఫోటో ఇంట్లో ఉండాలి.

చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ తండ్రి ఉమ్రావ్ సింగ్‌కి ఫోటోగ్రఫీ వృత్తి కాదు, ఆయన పండితుడు. దశాబ్దాల పాటు భార్యనీ, ఇద్దరు కూతుళ్లనీ తీస్తూనే ఉన్నారు. తనని తాను కూడా తీసుకున్నారు. మన ఇళ్లలో ఫోటోలు తీసే మనిషి ఫోటోల్లో కనిపించరు. అప్పుడప్పుడు ఫోన్ పిల్లల చేతికివ్వండి. వాళ్ల ఎత్తు నుంచి ఇల్లు వేరేగా కనిపిస్తుంది.

నెలకి ఐదు ఫోటోలు ప్రింటు వేయించండి, చాలు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో సైజు తగ్గిపోతుంది, తీసిన తేదీ వివరాలూ పోతాయి. అసలు ఫైలే స్టూడియోకి తీసుకెళ్లండి. ఇప్పటి ప్రింట్ల వెనక పెన్సిల్ ఆనదు. సన్న మార్కర్‌తో అంచు దగ్గర రాసి, ఆరనివ్వండి. ఎవరు, ఎక్కడ, ఏ రోజు, ఏం చేస్తుండగా అని రాయండి. ‘అమ్మ’ అని రాయకండి, పేరు రాయండి. యాభై ఏళ్ల తర్వాత ఆ ఫోటో చూసేవాళ్లకి ఆవిడ అమ్మ కాదు.

జడ ఫోటోతో పాటు మరో ఇరవై ప్రింట్లు తెచ్చాను. మా ఇంట్లోవాళ్లని అడిగే తెచ్చాను. కిటికీ పక్కన బల్ల మీద ఉన్నాయి. చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి కూడా చూడండి.