రెండో వైపు మొదటి పాట

అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, ఇంత ఎండలో వచ్చిన మీ అందరికీ నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. మే నెలలో శాలువా మోయడం నా వల్ల కాదు కాబట్టి మడిచి కుర్చీ మీద పెడుతున్నాను, తప్పుగా అనుకోకండి. ఇందాక పరిచయం చేసినవారు నన్ను సంగీత విద్వాంసుణ్ణి చేసేశారు. నేను రేడియోలో నాటకాలకు చప్పుళ్లు చేసినవాణ్ణి. కొబ్బరి చిప్పలతో గుర్రం నడక, రేకు ఊపితే ఉరుము, సెల్లోఫేన్ కాగితం నలిపితే మంట. నాకు తెలిసింది చప్పుడు, అంతే.

ఈ రోజు విషయం ‘అన్‌నోన్ ప్లెజర్స్’. ఇంగ్లండులో మాంచెస్టర్ ప్రాంతపు నలుగురు కుర్రాళ్లు, జాయ్ డివిజన్ అనే బృందం, 1979 జూన్‌లో విడుదల చేసిన మొదటి ఆల్బమ్. 10 పాటలు, అన్నీ కలిపి 40 నిమిషాల లోపే. పంక్ అనే గోల కాస్త చల్లారాక వచ్చిన ఈ సంగీతాన్ని పోస్ట్ పంక్ అంటారు. మీలో చాలామంది దీన్ని వినకపోయినా చూసే ఉంటారు. నల్ల చొక్కా మీద తెల్ల గీతలు, కొండల వరసలాగా. ఈ ఆల్బమ్ అట్ట మీది బొమ్మే అది. అదిగో, వెనక వరసలో ఆ బాబు వేసుకున్నదే! ఒకసారి లేచి నిలబడు నాయనా, సిగ్గుపడకు.

అవి కొండలు కావండీ. ఆకాశంలో ఒక పల్సార్ ఉంది, అంటే గిర్రున తిరిగే ఒక చచ్చిన నక్షత్రం. 1.34 సెకండ్లకు ఒకసారి రేడియో తరంగాల్లో కొట్టుకుంటుంది. ఆ స్పందనలను ఒకదాని కింద ఒకటి గీస్తే వచ్చిన బొమ్మ అది. ఆ పల్సార్‌ను 1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ అనే విద్యార్థిని గుర్తించింది. 1974లో నోబెల్ ఆమె గురువుకు వచ్చింది, ఆమెకు రాలేదు. దీని మీద మొదలుపెడితే నాకు కోపం వచ్చి రాత్రవుతుంది, వదిలేద్దాం. బృందంలో గిటార్ వాయించే బెర్నార్డ్ సమ్నర్ ఆ బొమ్మను ఒక ఖగోళ విజ్ఞాన సర్వస్వంలో చూశాడు. తెల్ల కాగితం మీది నల్ల గీతలను, అట్ట తయారుచేసిన పీటర్ సావిల్ రంగులు తారుమారు చేసి, నలుపు మీద తెలుపు చేశాడు. అట్ట ముందు వైపున బృందం పేరు లేదు, ఆల్బమ్ పేరూ లేదు. ఇప్పుడు అర్థమైందా బాబూ, నీ గుండెల మీద ఏముందో? కూర్చో.

ఇక నా శాఖకు వస్తాను. స్టాక్‌పోర్ట్‌లో స్ట్రాబెర్రీ స్టూడియో. రికార్డింగు నడిపింది మార్టిన్ హానెట్. ఈ కుర్రాళ్లు వేదిక మీద చెవులు చిల్లులు పడేలా వాయించేవారు. హానెట్ ఆ హోరునంతా పక్కన పెట్టి, ఒక్కో చప్పుడుకు ఒక్కో ఖాళీ గది కట్టినట్టు రికార్డు చేశాడు. డ్రమ్ములు వాయించే స్టీఫెన్ మోరిస్ చేత ఒక్కో డ్రమ్మును విడివిడిగా వాయింపించాడు. లిఫ్టు చప్పుడు ఒక పాటలో పెట్టాడు, గాజు పగిలిన చప్పుడు ఇంకో పాటలో పెట్టాడు. రికార్డు విని సమ్నర్, బేస్ వాయించే పీటర్ హుక్ ఇద్దరూ మొహం ముడుచుకున్నారు, మా జోరంతా పోయిందని. పోయిన మాట నిజమే. కానీ ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ రికార్డు పాతబడలేదంటే ఆ ఖాళీ వల్లనే. నేను రేకు ఊపినవాణ్ణి, చెబుతున్నాను కదా, చప్పుడు చేయడం సులువు. చప్పుడుకూ చప్పుడుకూ మధ్య చోటు వదలడమే కష్టం.

ఆ ఖాళీ అన్నిటికంటే బాగా వినిపించేది రెండో వైపు మొదటి పాటలో. ‘షీజ్ లాస్ట్ కంట్రోల్’. అందులో డ్రమ్ముతో పాటు ‘చస్, చస్’మని ఒక చప్పుడు పడుతుంటుంది. అది వాద్యం కాదు. స్ప్రే డబ్బా! మోరిస్ చిన్న గదిలో నిలబడి తాళానికి సరిపోయేలా స్ప్రే కొట్టాడు. మా నాటకాల వాళ్లు చేసే పనే.

1987లో ఇంగ్లండు నుంచి వచ్చిన మా పెదనాన్న కొడుకు ఈ క్యాసెట్ తెచ్చాడు. ‘చస్’ వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. పాటలో ఏముంది అన్నయ్యా అని అడిగాను. “ఒక అమ్మాయికి మూర్ఛలు వస్తుంటాయి, అదే పాట” అన్నాడు. క్యాసెట్ తీసి ఆయన చేతిలో పెట్టేశాను. మళ్లీ వినలేదు.

క్షమించాలి, ఇది నేను రాసుకొచ్చిన కాగితంలో లేదు. అయినా చెబుతాను.

1972లో మా ఊళ్లో ఒక పెళ్లి. నాకు 14 ఏళ్లు, అక్కకు 17. వంటల పందిరి దగ్గర అక్క పడిపోయింది. “ఇనుము పెట్టండి, ఇనుము!” అని ఎవరో అరిచారు. మా నాయనమ్మ మొలలోంచి తాళంచెవుల గుత్తి తీసి అక్క గుప్పిట్లో పెట్టి, పైనుంచి తన రెండు చేతులతో నొక్కి పట్టుకుంది. బీరువా తాళంచెవి పళ్లు అక్క అరచేతిలో అచ్చు పడ్డాయి, రెండు రోజులు పోలేదు. నన్ను గుమ్మంలో నిలబెట్టారు, ఎవరినీ రానివ్వవద్దన్నారు. మగపెళ్లివారి తరఫు పెద్దావిడ వచ్చి ఎవరా పిల్ల అని అడిగింది. “ఎవరో చుట్టాలమ్మాయండి, ఎండదెబ్బ” అన్నాను.

1977లో విషయం దాచి అక్కకు పెళ్లి చేశారు. ఏడాది తిరక్కుండానే తెలిసిపోయింది, పంపించేశారు. అప్పటి చట్టం కూడా వాళ్ల వైపే ఉంది. 1976లో హిందూ వివాహ చట్టంలో పిచ్చి పక్కనే మూర్ఛను కూడా చేర్చారు. పదేపదే మూర్ఛలు వచ్చేవారి పెళ్లిని రద్దు చేయించుకునే వీలుండేది. ఆ ఒక్క మాటను తీసేయడానికి 1999 డిసెంబరు దాకా పట్టింది. అయ్యా, ఈ హాలులో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? చేతులెత్తండి. చూశారా.

ఆ పాట రాసినవాడు ఇయన్ కర్టిస్. బృందంలో గాయకుడు, పగలు గుమాస్తా. మాకిల్స్‌ఫీల్డ్‌లో ఉపాధి కార్యాలయంలో వికలాంగులకు పని చూసిపెట్టే ఉద్యోగం. అక్కడికి పని కోసం మూర్ఛలున్న ఒక అమ్మాయి వచ్చేది. కొన్నాళ్లకు రావడం మానేసింది. పని దొరికిందేమో అనుకున్నాడు. మూర్ఛ వచ్చి చనిపోయిందని తర్వాత తెలిసింది. ఆమె మీద పాట కట్టాడు. 1978 చివర్లో, లండన్‌లో కచేరీ చేసి కారులో తిరిగి వస్తుండగా ఆయనకే మూర్ఛ వచ్చింది. మరుసటి నెలలో వైద్యులు నిర్ధారించారు. ఏప్రిల్‌లో స్టూడియోలో నిలబడి ఆ పాట పాడాడు. ఎవరి పాట ఎవరు పాడినట్టు?

ఆయన వేదిక మీద చేతులు విసురుతూ విచిత్రంగా ఆడేవాడు. తర్వాత నిజంగా వేదిక మీదే మూర్ఛ వస్తే, అదీ ఆటలో భాగమేననుకున్నారు జనం. ఆనాటి మందులు మనిషిని మగతలో ముంచేవి, మనసునూ కుంగదీసేవి. 1980 మే 18న, అమెరికా ప్రయాణానికి ముందు రోజు, తన ప్రాణం తానే తీసుకున్నాడు. 23 ఏళ్లు. ఒక్క కారణంతో అలా జరగదు, నిజమే. కానీ రాసేవాళ్లంతా చీకటి, రహస్యం, శాపం అని రాస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. మా నాయనమ్మ గాలి సోకిందంది, వీళ్లూ అదే కాస్త మంచి భాషలో రాస్తున్నారు.

పోయిన నెల, ఈ ప్రసంగం కోసమే, 38 ఏళ్ల తర్వాత మళ్లీ విన్నాను. అక్క పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఏం వింటున్నావురా అంటే ఇయర్‌ఫోన్ ఆమె చెవిలో పెట్టాను. “అట్ల పెనం మీద నీళ్లు చల్లినట్టుంది” అంది. చూశారా, అక్కకూ చెవి ఉంది. పాట సంగతి చెప్పాను. చేతిలో చిక్కుడుకాయ అలాగే పట్టుకుని అంతా విని, “ఆ అమ్మాయి పేరేమిటి?” అని అడిగింది.

పాటలో పేరు లేదన్నాను.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. ఐదు నిమిషాలు. మీలో తాళంచెవులున్నవాళ్లు జేబులోంచి తీసి చూడండి. ఇవి స్కూటరుకు. మూర్ఛ వచ్చినవారి చేతిలో పెట్టడానికి కాదు. నోట్లో ఏమీ కుక్కకండి, చెంచా కూడా. కాళ్లూ చేతులూ నొక్కి పట్టుకోకండి. గడియారం చూడండి, 5 నిమిషాలు దాటితే 108కి ఫోను చేయండి. మిగతాది చేసి చూపిస్తాను. నల్ల చొక్కా బాబూ, ఇలా వేదిక మీదకు రా. చాప మీద పడుకో. ఇదిగో, ఇలా మెల్లగా పక్కకు తిప్పాలి. చెయ్యి ఇలా మడవాలి. తల కింద మెత్తగా ఏదైనా ఉండాలి... ఆ శాలువా ఇలా ఇవ్వండి.

పాట పెట్టించండి కార్యదర్శి గారూ. రెండో వైపు మొదటిది.