బాధ్యత ఎవరు మోయాలి, పేరు ఎవరికి దక్కాలి

శ్రోతలందరికీ నమస్కారం.

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఎస్‌ఎల్‌వి-3 రాకెట్టు 317 సెకన్లకే బంగాళాఖాతంలో కూలిపోయింది. ఆ ప్రయోగానికి సారథ్యం వహించిన అబ్దుల్ కలాం, కంప్యూటర్ ప్రయోగాన్ని నిలిపివేసినా, తోటి నిపుణులు ఇచ్చిన భరోసాతో ముందుకు వెళ్లమన్నారు. ఈ సంగతి తెలిసి కూడా అప్పటి ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్ ఆయనను విలేకరుల ముందు నిలబెట్టలేదు. తానే వారి ఎదుట కూర్చుని, బాధ్యత తనదేనని ఒప్పుకుని, తన బృందం మీద తనకు పూర్తి నమ్మకం ఉందని ప్రకటించారు. మరుసటి ఏడాది జులై 18న అదే తరహా రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టినప్పుడు మాత్రం, విలేకరులతో మీరే మాట్లాడండని కలాంను ముందుకు పంపారు.

ఈ ఉదంతం మీలో చాలామంది విన్నదే. అయితే ఆ రెండు రోజుల నడుమ ఏం జరిగిందన్నది మనం అంతగా చెప్పుకోము. బయట బృందాన్ని వెనకేసుకొచ్చారు కదా అని లోపల విచారణను ఎవరూ తేలికగా తీసుకోలేదు. ప్రయోగంలో నమోదైన సమాచారాన్నంతా జల్లెడ పట్టి, రెండో దశ నియంత్రణ వ్యవస్థలోని ఒక వాల్వు నుంచి నైట్రిక్ ఆమ్లం కారిపోవడమే కారణమని తేల్చారు. తప్పును దాచిపెట్టే నాయకుడి మీద ప్రేమ ఉంటుందేమో కానీ గౌరవం మిగలదని, తప్పు దొరకగానే మనిషిని బలిపెట్టే నాయకుడికి ఆ తర్వాత ఎవరూ నిజం చెప్పరని నేను గట్టిగా నమ్ముతాను.

అంత పెద్ద సంస్థ దాకా వెళ్లనవసరం లేదు. ఒక బ్యాంకు శాఖలో సాయంత్రం లెక్క సరిచూసే వేళ క్యాషియర్ దగ్గర అయిదు వేలు తక్కువ వచ్చిందనుకోండి. మేనేజరు అందరి ముందూ "డబ్బేం చేశావు?" అని అడిగితే, ఆ ఉద్యోగి ఆ రాత్రి సొంత సొమ్ముతో లోటు పూడ్చి, ఇకమీదట ఏ తేడా వచ్చినా ఎవరికీ తెలియకుండా సర్దేస్తుంది. అలా కాకుండా మేనేజరు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, "వోచర్లు ఒక్కొక్కటే చూద్దామమ్మా, కట్టలు మళ్లీ లెక్కపెట్టు" అంటే, అయిదు వందల కట్టలో పొరపాటు జరిగిందో, చెల్లింపు వోచరు ఒకటి నమోదు కాలేదో ఇద్దరూ కలిసి పట్టుకోగలుగుతారు. లోటు తేలకపోతే నిబంధన ప్రకారం రాయవలసింది రాయాల్సిందే. ఆ రాతలో కూడా, రద్దీ రోజున ఒకే కౌంటరు తెరిచి ఉంచింది తానేనన్న మాటను మేనేజరు వదిలిపెట్టకూడదు.

సిబ్బందిని కలుపుకోవడానికి చేసే పుట్టినరోజు కేకులు, విహారయాత్రలు మంచివే, వాటిని నేను కాదనను. కానీ పై కార్యాలయం నుంచి ఫోను వచ్చినప్పుడు మేనేజరు ఏమి చెబుతున్నారో గది బయట ఉన్న సిబ్బంది చెవులు రిక్కించి వింటారు. "మా అమ్మాయి చేసింది" అంటున్నారా, "మా శాఖలో జరిగింది, నేను చూసుకుంటాను" అంటున్నారా అన్నదాన్ని బట్టే, మర్నాడు ఏదైనా చిక్కు వచ్చినప్పుడు ఆ గది తలుపు తట్టాలో వద్దో వాళ్లు నిర్ణయించుకుంటారు.