గంట పాట, రోజంతా పని: యూరప్ వేసవి మ్యూజిక్ ఫెస్టివల్స్ తెర వెనక

[దృశ్యం: మిట్టమధ్యాహ్నం ఎండలో పెద్ద పచ్చిక బయలు, దూరంగా స్టేజ్, ముందు పల్చగా జనం]

జూన్ నెలాఖరు నుంచి ఆగస్టు చివరి దాకా, యూరప్‌లో వారాంతం వచ్చిందంటే ఎక్కడో ఒక పొలంలో స్టేజ్ లేస్తుంది. ఇంగ్లండ్‌లో గ్లాస్టన్‌బరీ, డెన్మార్క్‌లో రోస్కిల్డ, బెల్జియంలో రాక్ వెర్క్‌టర్, జర్మనీలో వాకెన్. యూట్యూబ్‌లో మనకి కనిపించేది రాత్రిపూట లైట్ల మధ్య పాడే పెద్ద స్టార్లు. ఈ వీడియో వాళ్ళ గురించి కాదు. పోస్టర్ మీద కింది వరసలో చిన్న అక్షరాలతో పేరుండే బ్యాండ్ గురించి, వాళ్ళ డ్రమ్స్ బిగించే కుర్రాళ్ళ గురించి, గేటు దగ్గర రిస్ట్‌బ్యాండ్లు చూసే వాలంటీర్ల గురించి. వేసవంతా రోడ్ల మీదా పొలాల్లోనూ గడిపేది వీళ్ళే.

ముందుగా రోడ్డు సంగతి. ఈ జీవితంలో ఎక్కువ భాగం అదే కాబట్టి.

[మ్యాప్: బెల్జియం నుంచి డెన్మార్క్ దాకా గీత]

జులై మొదటి వారాంతం తీసుకోండి. రాక్ వెర్క్‌టర్, రోస్కిల్డ, పోలండ్‌లో జరిగే ఓపెనర్ అనే ఫెస్టివల్, ఈ మూడూ దాదాపు ఒకే రోజుల్లో పడుతుంటాయి. అమెరికా నుంచి వచ్చిన బ్యాండ్‌కి ఒకే ట్రిప్పులో మూడు పెద్ద షోలు. షోలు కుదిర్చే ఏజెంట్‌కి పండగే, తిప్పలన్నీ డ్రైవర్‌వి.

శుక్రవారం సాయంత్రం వెర్క్‌టర్‌లో వాయించారు, శనివారం సాయంత్రం రోస్కిల్డలో వాయించాలి అనుకుందాం. దూరం 900 కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం డ్రైవర్ రోజుకి 9 గంటలే బండి నడపాలి. వారంలో రెండు రోజులు మాత్రం 10 గంటల దాకా పర్వాలేదు. నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగి తీరాలి. బండిలో టాకోగ్రాఫ్ అనే పరికరం ఇదంతా రికార్డు చేస్తుంది, కాబట్టి పోలీసు ఆపితే కథలు చెప్పడానికి వీలుండదు. సగటున గంటకి 80 కిలోమీటర్లు వెళ్ళినా ఈ ప్రయాణానికి 11 గంటలు దాటుతుంది. అంటే ఒక్క డ్రైవర్‌తో కుదరదు. రెండో డ్రైవర్‌ని ఎక్కడి నుంచో పిలిపించాలి, ఆయన జీతం, హోటల్ ఖర్చు పెట్టుకోవాలి. ఏ షో ఒప్పుకోవాలి, ఏది వదులుకోవాలి అన్నది చాలాసార్లు ఈ లెక్కే తేలుస్తుంది. బ్యాండ్ ఇష్టాయిష్టాలు ఆ తర్వాత.

[దృశ్యం: స్లీపర్ బస్ లోపల, మూడంతస్తుల బెర్తులు, తెరలు]

బస్సులో పన్నెండు నుంచి పదహారు బెర్తులు ఉంటాయి. కూర్చుంటే తల పైబెర్తుకి కొట్టుకుంటుంది. ఎవరూ రాసిపెట్టని రూల్స్ రెండున్నాయి. ఒకటి, కాళ్ళు బస్సు ముందు వైపుకి పెట్టి పడుకోవాలి. సడన్ బ్రేక్ పడితే కాళ్ళు తగలడం నయం, తల తగిలితే మెడ పోతుంది. రెండోది టాయిలెట్ గురించి. అందులో ఒంటికి మాత్రమే వెళ్ళాలి. రెండోదానికి పెట్రోల్ బంక్ వచ్చేదాకా ఆగాల్సిందే. ఈ రూల్ తప్పినవాడి పేరు టూర్ అయ్యేదాకా అందరి నోళ్ళలో నానుతుంది.

పడుకున్నారు కదా, హాయిగా తెల్లారుతుంది అనుకుంటే పొరపాటే. ఈ దారిలో జర్మనీ నుంచి డెన్మార్క్‌కి పుట్‌గార్డెన్ అనే రేవు దగ్గర ఫెర్రీ ఎక్కాలి. సముద్రం మీద ఉన్నంతసేపు వాహనాల డెక్‌లో మనుషులు ఉండకూడదు. కాబట్టి అర్ధరాత్రి అపరాత్రి అని చూడకుండా అందరినీ లేపి పైకి తోలతారు. 45 నిమిషాలు నిద్రమత్తులో కాఫీ తాగి మళ్ళీ బెర్తుల్లోకి. ఇలా ముక్కలు ముక్కలుగా నిద్రపోయి మర్నాడు వేలమంది ముందు గెంతాలి.

[దృశ్యం: స్టేజ్ వెనక చక్రాల మీద డ్రమ్స్ వేదికలు]

ఇప్పుడు ఫెస్టివల్‌కి చేరాం. నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే భాగం ఇదే. దీన్ని చేంజోవర్ అంటారు. ఒక బ్యాండ్ దిగి ఇంకో బ్యాండ్ ఎక్కడానికి మధ్య ఉండే ఖాళీ. మామూలుగా అరగంట. కొన్నిచోట్ల ఇంకా తక్కువ.

మామూలు ఆడిటోరియం షోలో మధ్యాహ్నమే సౌండ్‌చెక్ చేసుకుంటారు. రెండు మూడు పాటలు వాయించి, గొంతు వినపడట్లేదు, బేస్ ఎక్కువైంది అని సరిచేసుకునే టైమ్ ఉంటుంది. ఫెస్టివల్‌లో ఆ వీలు ఉంటే గింటే ఆ రాత్రి ఆఖరున వాయించే పెద్ద బ్యాండ్‌కే. మిగతా వాళ్ళకి దొరికేది లైన్ చెక్. అంటే ప్రతి మైకు, ప్రతి వైరు నుంచి సౌండ్ వస్తోందా లేదా అని ఒక్కొక్కటిగా తట్టి చూడడం, అంతే. బాగుందా లేదా అన్నది మొదటి పాట మధ్యలో తేల్చుకోవాలి. మొదటి పాటలో గొంతు సరిగా వినిపించకపోతే గాయకుణ్ణి తిట్టుకోకండి, అప్పుడు సౌండ్ ఇంజినీర్ చెమటలు కక్కుతుంటాడు.

అరగంటలో ఇదెలా సాధ్యం? ముందు బ్యాండ్ ఇంకా వాయిస్తుండగానే, తర్వాతి బ్యాండ్ డ్రమ్స్ స్టేజ్ వెనక చక్రాల బల్ల మీద పూర్తిగా బిగించి ఉంటాయి. మైకులు కూడా పెట్టేసి, వైర్లన్నీ ఒకే లావుపాటి కేబుల్‌లోకి చేర్చేస్తారు. పాతది ఒక పక్కకి దొర్లించి, కొత్తది ఇంకో పక్క నుంచి దొర్లించి, ఆ ఒక్క కేబుల్ గుచ్చేస్తే చాలు. మన సురభి నాటకాల్లో రెప్పపాటులో రాజసభ మాయమై అడవి వచ్చేది గుర్తుందా? కిటుకు అదే. మార్పంతా కళ్ళకి కనపడని చోట ముందే జరిగిపోయి ఉంటుంది.

దీనికి కావలసినవి రెండు కాగితాలు. స్టేజ్ మీద ఎవరు ఎక్కడ నిలబడతారో చూపే బొమ్మ ఒకటి, ఏ మైకు ఏ నంబర్ ఛానల్‌లోకి వెళ్ళాలో చెప్పే పట్టిక ఒకటి. చిన్న బ్యాండ్లు నిర్లక్ష్యం చేసేది సరిగ్గా వీటినే. గిటారిస్ట్ మారి ఆర్నెల్లయినా పాత కాగితమే పంపుతారు. స్టేజ్ క్రూ ఆ కాగితం నమ్మి అన్నీ పెట్టేస్తారు. తీరా బ్యాండ్ వచ్చాక కీబోర్డ్‌కి వైరు ఉండదు. అక్కడ పోయిన పది నిమిషాలు తిరిగి రావు, అవి మీ పాటల్లోంచే పోతాయి. ఎందుకంటే ముగించాల్సిన టైమ్ మారదు. 2012 జులై 14న లండన్ హైడ్ పార్క్‌లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, పాల్ మెకార్ట్‌నీ కలిసి పాడి ముగిస్తుంటే, అనుమతించిన సమయం దాటిందని సౌండ్ కట్టేశారు. వాళ్ళకే దిక్కులేనప్పుడు కింది వరస బ్యాండ్‌ని ఎవరు లెక్కచేస్తారు?

[గ్రాఫిక్: స్టేజ్, 100 మీటర్ల దూరంలో స్పీకర్ టవర్]

సౌండ్ మాటొచ్చింది కాబట్టి ఇంకో సంగతి. పెద్ద మైదానాల్లో జనం మధ్యలో టవర్ల మీద స్పీకర్లు కనిపిస్తాయి. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు వెళ్తుంది. స్టేజ్ నుంచి 100 మీటర్ల దూరంలో ఉన్నవాళ్ళకి పాట చేరేసరికి సెకనులో మూడో వంతు కంటే కాస్త తక్కువ పడుతుంది. కానీ కరెంటు వైరులో అదే పాట ఆ టవర్‌కి క్షణంలో చేరిపోతుంది. అలాగే వదిలేస్తే ఒకే మాట రెండుసార్లు వినిపిస్తుంది. కాబట్టి టవర్ స్పీకర్లని కావాలనే ఆలస్యంగా మోగిస్తారు, అదీ స్టేజ్ శబ్దం చేరాక ఇంకో పది ఇరవై మిల్లీసెకన్లు ఆగి. అప్పుడు పాట స్టేజ్ మీద నుంచే వస్తున్నట్టు చెవి నమ్ముతుంది. ఎండ తగ్గి గాలి చల్లబడితే శబ్దం వేగం మారుతుంది, లెక్క మళ్ళీ సరిచేయాలి.

పాపం లైట్ల మనిషిది ఇంకో కష్టం. జూన్ చివర్లో గ్లాస్టన్‌బరీలో సూర్యాస్తమయం రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో. సాయంత్రం నాలుగింటికి వాయించే బ్యాండ్ లైట్లు వెలిగించినా ఒకటే, ఆర్పినా ఒకటే.

ఇదంతా హడావుడి అనిపించినా, ఒక విషయంలో మాత్రం ఎవరూ తొందరపడరు. 2000 జూన్ 30న రోస్కిల్డలో పెర్ల్ జామ్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ వాయిస్తుండగా స్టేజ్ ముందు తొక్కిసలాటలో 9 మంది చనిపోయారు. ఇప్పుడు పెద్ద స్టేజ్‌ల దగ్గర జనం ఒత్తిడిని మాత్రమే గమనించే మనుషులుంటారు. షో ఆపించే అధికారం ఎవరిదో ముందే రాసి ఉంటుంది. ఎంత పెద్ద స్టార్ అయినా ఆ మాట వినాల్సిందే.

[దృశ్యం: గ్లాస్టన్‌బరీ పొలం, పిరమిడ్ స్టేజ్]

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్తాను. ఫెస్టివల్ షోకి క్లబ్ షో కంటే ఎక్కువ వస్తుంది, నిజమే. కానీ ఫెస్టివల్స్ వారాంతాల్లోనే. సోమవారం నుంచి బుధవారం దాకా బస్సు అద్దె, డ్రైవర్ జీతం, అందరి భోజనం ఆగవు కదా. మధ్య రోజుల్లో చిన్న ఊళ్ళలో క్లబ్ షోలు వెతుక్కునేది ఆ రంధ్రం పూడ్చడానికే. పేరున్న ఫెస్టివల్ అయితే తక్కువకైనా ఒప్పుకుంటారు. గ్లాస్టన్‌బరీ మొదలైంది 1970 సెప్టెంబర్‌లో, మైకేల్ ఈవిస్ అనే పాడిరైతు పొలంలో. టికెట్ ఒక పౌండ్, పాలు ఉచితం. ఇప్పుడు అక్కడ పనివాళ్ళతో కలిపి రెండు లక్షల పైన జనం. అయినా మిగతా పెద్ద ఫెస్టివల్స్ ఇచ్చేదాంట్లో పదో వంతు కంటే తక్కువే తాము ఇస్తామని ఆయన కూతురు ఎమిలీ ఈవిస్ 2017లో చెప్పారు. అక్కడ వాయించామన్న పేరు, టీవీలో కనబడడం, అవే మిగతా జీతం. నేనైతే దీన్ని పూర్తిగా మెచ్చుకోలేను. పెద్ద స్టార్‌కి ఇది దానం లాంటిది, కింది వరస వాళ్ళకి అప్పు.

వాలంటీర్ల లెక్క వేరు. రోస్కిల్డ నడిచేది దాదాపు 30,000 మంది వాలంటీర్ల మీద. గ్లాస్టన్‌బరీలో ఆక్స్‌ఫామ్ అనే సేవాసంస్థ తరఫున స్టీవార్డ్‌గా, అంటే గేట్లు, జనాన్ని చూసుకునే వాలంటీర్‌గా చేరితే మూడు షిఫ్టులు చేయాలి, ఒక్కొక్కటి ఎనిమిది గంటలకి పైనే. ముందు డిపాజిట్ కట్టాలి, షిఫ్టులన్నీ చేస్తే వెనక్కి ఇస్తారు. మీకు ఇష్టమైన బ్యాండ్ వాయించే టైమ్‌కి మీ షిఫ్ట్ ఎక్కడో పార్కింగ్ గేటు దగ్గర పడొచ్చు. వాన పడితే ఆ గేటు దగ్గరే మోకాలి బూట్లతో బురదలో నిలబడాలి.

మరి మన దేశం నుంచి? ఢిల్లీ బ్యాండ్ బ్లడీవుడ్ 2019లో వాకెన్‌లో వాయించింది. భారతీయ బ్యాండ్‌కి యూరప్‌లో చాలా దేశాలకి కలిపి పనికొచ్చే షెంగెన్ వీసా ఒకటి, బ్రిటన్ వీసా వేరుగా ఇంకొకటి కావాలి. సామాను తీసుకెళ్ళి మళ్ళీ తెచ్చుకోవడానికి ఏటీఏ కార్నెట్ అనే కస్టమ్స్ పత్రం ఉంటుంది, మన దగ్గర దాన్ని ఫిక్కీ అనే వాణిజ్య మండళ్ళ సమాఖ్య ఇస్తుంది. ప్రతి వస్తువు, దాని సీరియల్ నంబర్ అందులో రాయాలి. తిరిగొచ్చేటప్పుడు ఒకటి తగ్గితే సుంకం కట్టమంటారు.

చివరిగా, బ్రిటన్‌లో చదువుకుంటున్న మన తెలుగు పిల్లలు చాలామంది వేసవిలో ఫెస్టివల్ పనులకి వెళ్తుంటారు, వాళ్ళకోసం ఇది. డిగ్రీ స్థాయి స్టూడెంట్ వీసా మీద చదువు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకి మించి పని చేయకూడదు. మాస్టర్స్ వాళ్ళూ, జూన్ అంటే మీకు సెలవు కాకపోవచ్చు, డిజర్టేషన్ టైమ్ చదువు కిందే లెక్క. బార్‌లో, ఫుడ్ స్టాల్‌లో పని చేయొచ్చు. సెక్యూరిటీ పనికి ఎస్‌ఐఏ అనే అక్కడి నియంత్రణ సంస్థ ఇచ్చే లైసెన్స్ కావాలి. గిటార్ ఎంత బాగా వాయించినా, ఆ వీసా మీద వృత్తి కళాకారుడిగా డబ్బు తీసుకుని స్టేజ్ ఎక్కడానికి మాత్రం వీల్లేదు. ఫ్రెండ్ బ్యాండ్‌లో ఒక్క షోకే కదా అని ఒప్పుకునే ముందు మీ యూనివర్సిటీ వీసా డెస్క్‌లో అడగండి.