ఈసారి రివ్యూ సినిమాకి కాదు, థియేటర్‌కి! ముంబై ఈరోస్

అందరికీ నమస్తే, మహారాష్ట్రలోని ధర్మాబాద్ నుంచి మాట్లాడుతున్నా. కొత్త తెలుగు సినిమా అంటే మనం నిజామాబాద్ పోతాం కదా, ఈసారి సాయంత్రం దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ముంబై పోయాను. సినిమా కోసం కాదు, హాలు కోసం.

చర్చ్‌గేట్ స్టేషన్ ఎదురుగానే ఈరోస్. ముందు బయట చూడండి. మూల మీద కట్టారు. రెండు రెక్కలూ చెరో రోడ్డు వెంట సాగుతాయి, అవి కలిసే చోట బురుజు మెట్లు మెట్లుగా పైకి లేస్తుంది. మీగడ రంగు గోడ, అక్కడక్కడ ఎర్ర ఆగ్రా రాయి. దీన్ని ఆర్ట్ డెకో అంటారు. గీతలు, వంపులు, అంతే. ఆర్కిటెక్ట్ షొరాబ్‌జీ భేద్వార్, మొదలైంది 1938లో. అంతకు ముందే, 1933లో, ముంబైలోనే రీగల్ అనే హాలు వచ్చింది. దానికి ఏసీ, కింద కార్ల పార్కింగ్ కూడా. ఇంట్లో ఫ్యాన్ లేని రోజుల్లో జనం టికెట్‌తో పాటు చల్లగాలి కూడా కొనుక్కున్నట్టే!

ఇక లోపల. పాత హాల్లో సీట్లు దాదాపు 1200. కొన్నేళ్లు మూతపడి, 2024లో ఐమ్యాక్స్‌గా తెరిచారు. ఇప్పుడు సీట్లు మూడొందల చిల్లరే. బొమ్మ, సౌండ్ అదిరిపోయాయి, వంక పెట్టడానికి లేదు. పాప్‌కార్న్ ధర మాత్రం అడక్కండి, వచ్చిన రైలు టికెట్ గుర్తొచ్చింది. అయినా ఏదో వెలితి. హీరో ఎంట్రీకి వెయ్యిమంది ఒక్కసారి ఈల వేస్తే గోడలు అదురుతాయి చూడండి, అది ఈ హాల్లో ఇక రాదు.

మరి అలాగే ఉంచాల్సిందా? నేనైతే అనను. అంత ఖరీదైన చోట రోజూ 1200 సీట్లు ఎవరు నింపుతారు? ముంబైలోనే ఉన్న మెట్రో థియేటర్ కూడా 1938దే, 2006లో మల్టీప్లెక్స్ అయింది. న్యూయార్క్‌లో రాక్సీ అని ఉండేది, 1927లో దాదాపు ఆరువేల సీట్లతో కట్టారు, 1960లో కూల్చేశారు. ఈరోస్ ఉన్న ఓవల్ మైదానం వరస 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. కనీసం ఆ బురుజు మనకు మిగిలింది. బయటికి పదికి పది, లోపలికి ఏడు.

మా ఊరి టాకీసుని ఏ జాబితాలో రాస్తారు? రేకుల షెడ్డు, వానొస్తే డైలాగులు వినపడేవి కావు. ఇప్పుడది మిర్చి గోదాం. నిన్న కెమెరా పట్టుకుని పోతే తుమ్ములే తుమ్ములు. బుకింగ్ కిటికీ మాత్రం అలాగే ఉంది, చెయ్యి ఒక్కటే పట్టే కంత. టికెట్లు, చిల్లర పిడికిట్లో పట్టుకుంటే బయటికి రాక మణికట్టు గీరుకుపోయేది. ఇదిగో, దగ్గరగా చూడండి. ఇప్పుడు మిర్చి బస్తాల తూకం చీటీలు అందులోంచే ఇస్తున్నారు.