మూసీ ఒడ్డున పార్కు పెడితే

శ్రోతలందరికీ నమస్కారం. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి మూసీ మీదున్న నయాపూల్ వంతెన మీదుగా నడిచేవాళ్లను ఎప్పుడైనా గమనించారా? ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని గబగబా దాటేస్తారు తప్ప, ఆగి కింద నదివైపు చూసేవాళ్లు తక్కువ. అటు హైకోర్టు, ఇటు ఉస్మానియా ఆసుపత్రి, అంత అందమైన కట్టడాలు ఒడ్డునే ఉన్నా సరే.

1908 సెప్టెంబరు 28న ఈ మూసీయే ఊరి మీద పడి వేలమందిని తీసుకుపోయింది. ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారని చెబుతారు. ఆ తర్వాత నిజాం పిలిపిస్తే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చారు, గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు ఆయన సలహాతో కట్టినవేనని మనకందరికీ తెలుసు, కానీ ఊళ్లో నది ఒడ్డున నడకదారులు, తోటలు ఉండాలని కూడా ఆయన చెప్పారన్న సంగతి ఎవరికీ పెద్దగా గుర్తులేదు.

ఇప్పుడు మూసీ సుందరీకరణ అనగానే అందరూ అహ్మదాబాద్ పేరెత్తుతారు. అక్కడ సబర్మతిని రెండు గోడల మధ్య 263 మీటర్ల వెడల్పుకి సరిచేసి, నర్మద కాలువ నీళ్లు తెచ్చి నింపారు. సాయంత్రం నడవడానికి బాగానే ఉంటుంది, కాదనను. మన మూసీ సంగతి వేరు. ఏడాదిలో ఎక్కువ రోజులు పారేది మురుగే, ఎగువన జంట జలాశయాల గేట్లెత్తిన రోజున మాత్రం అసలు నది వచ్చేస్తుంది. 2025 సెప్టెంబరు చివర్లో ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లొచ్చి ప్రయాణికులను బయటికి తేవాల్సి వచ్చింది కదా, ఆ చోటుని ఇమ్లీబన్ అంటారు, అంటే చింతతోపు. చింతతోపుగానే ఉండి ఉంటే నీళ్లు వచ్చి, కాసేపుండి, పోయేవి.

అందుకే నేననేది, ఒడ్డున కింది మెట్టు మునిగేదిగానే ఉండనివ్వండి. మట్టి బాట, గడ్డి, చెట్లు, రాతి బెంచీలు చాలు. వరద పోయాక బురద ఎత్తి కడుక్కుంటే సరిపోతుంది. టాయిలెట్లు, కరెంటు గదులు, టీ కొట్లు పైన రోడ్డు పక్కన పెట్టుకోవచ్చు. కింద ఫుడ్‌కోర్టు కట్టామా, దాన్ని కాపాడటానికి గోడ కావాలి, గోడ కడితే నది ఇరుకవుతుంది, ఇరుకైన నీళ్లు అవతలి బస్తీలోకి పోతాయి. మురుగు శుద్ధి మాత్రం అన్నిటికంటే ముందు జరగాలి, ఆ కంపులో ఎవరు కూర్చుంటారు చెప్పండి!

ఇంకోటి, టికెట్ పెట్టకండి. ఒడ్డున ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లు రేపు పది రూపాయలిచ్చి అదే ఒడ్డు చూడాలా? పెద్దాసుపత్రికి వచ్చినవాళ్లకైనా అంతే, లోపల రోగి ఉంటే బయట రోజంతా పడిగాపులు కాసే చుట్టాలకి కావలసింది ఫౌంటెన్ కాదు, టవల్ పరుచుకుని టిఫిన్ డబ్బా విప్పుకోవడానికి ఇంత చెట్టునీడ, ఒక మంచినీళ్ల కుళాయి.