పిల్లిపిల్లను తెచ్చాక కుక్క కుళ్లుకుంటోందా? ఇలా అలవాటు చేయండి

తెరపై: యజమాని ఒళ్లో పిల్లిపిల్ల. కుక్క వచ్చి మూతితో ఆ చేతిని పైకి ఎత్తేస్తుంది.

వాయిస్: ఆ మూతి ఎక్కడ దూర్చిందో చూశారా? సరిగ్గా పిల్లిని నిమురుతున్న చేతి కిందే. 2014లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు 36 కుక్కల ముందు వాటి యజమానుల చేత ఒక బొమ్మకుక్కను ముద్దు చేయించారు. 78 శాతం కుక్కలు వచ్చి యజమానిని తోశాయి, తాకాయి. యజమాని పుస్తకం చదువుతున్నప్పుడు అలా చేసినవి 22 శాతమే.

ఇప్పుడు మన ఇళ్లలో ఏం చేస్తాం? పిల్లి బయటికి రాగానే కుక్కను బాల్కనీలో కట్టేస్తాం. పిల్లి పడుకున్నాక, పాపం అని కుక్కను దగ్గరికి తీస్తాం. దానికి ఎక్కే లెక్క ఇది: పిల్లి ఉంటే గొలుసు, లేకపోతే ముద్దు. ఈ లెక్కను తిరగేయాలి.

తెరపై: మూసిన తలుపు. ఇటు కుక్క గిన్నె, అటు పిల్లి గిన్నె.

వాయిస్: మొదటి వారం రెండూ ఎదురుపడకూడదు. పిల్లికి విడిగా ఒక గది, అందులో మలమూత్రాలకు లిట్టర్ ట్రే, నీళ్లు, దాక్కోవడానికి అట్టపెట్టె. పిల్లి బుగ్గలు తుడిచిన పాత గుడ్డను కుక్క దగ్గర నేల మీద వేయండి, అదే వచ్చి వాసన చూసుకుంటుంది. తలుపుకి అటూ ఇటూ ఒకే సమయానికి తిండి పెట్టండి. గిన్నెలను తలుపుకి 6 అడుగుల దూరంతో మొదలుపెట్టి, రోజుకో అడుగు దగ్గరికి జరపండి. కుక్క తినడం మానేసి తలుపునే చూస్తోందంటే, మళ్లీ నిన్నటి దూరానికే.

తెరపై: లీష్‌తో కుక్క. పది అడుగుల అవతల, అడ్డుగేటు వెనక పిల్లి.

వాయిస్: ఉప్పు, కారం, ఉల్లి లేకుండా ఉడికించిన చికెన్, గోరంత ముక్కలు 20. కుక్క పిల్లిని చూసిన వెంటనే ఒక ముక్క, చూసిన ప్రతిసారీ ఒకటి. పిల్లి కనుమరుగైతే ముక్కలూ బంద్. ముక్క చూపించి పిలవకండి. ముందు పిల్లి కనపడాలి, తర్వాతే ముక్క. ఈ వరుస తప్పితే కుక్క ముక్కనే చూస్తుంది, పిల్లి సంగతి దానికి పట్టదు. మూడు నిమిషాలు చాలు, రోజుకి మూడు నాలుగు సార్లు. పిల్లిని చూసి, తనంతట తానే తల తిప్పి మీ ముఖం చూసిందంటే అర్థమైనట్టే. అప్పుడు ఒక అడుగు దగ్గరికి.

తెరపై: కుక్క ముఖం, దగ్గరగా.

వాయిస్: ఇక్కడ చాలా జాగ్రత్త. కుళ్లుకునే కుక్క మధ్యమధ్యలో మీ వంక చూస్తుంది. వేట బుద్ధి పుట్టిన కుక్క పిల్లి మీదనుంచి చూపు తిప్పదు. తెరిచి ఉన్న నోరు టక్కున మూసుకుంటుంది, ఒళ్లు బిగుసుకుంటుంది, ముక్క పెదవికి ఆనించినా తీసుకోదు. అది అసూయ కాదు. వెంటనే దూరం తీసుకెళ్లండి. ప్రతిసారీ ఇలాగే ఉంటే వెటర్నరీ డాక్టర్ సలహా లేకుండా ముందుకెళ్లొద్దు.

గుర్రుమంటే కొట్టకండి, అరవకండి. గుర్రు ఒక హెచ్చరిక. దాన్ని నొక్కేస్తే కుక్క ఈసారి చెప్పకుండానే కరుస్తుంది. దూరం పెంచండి, అంతే.

పిల్లి గిన్నె కుక్కకు అందని ఎత్తులో, లిట్టర్ ట్రే కుక్క దూరలేని చోట ఉండాలి. పిల్లి మలాన్ని కుక్కలు ఇష్టంగా తింటాయి.

తెరపై: కుక్క మెడ వెనక చుక్కల మందు వేస్తున్న చేయి.

వాయిస్: ఇది మాత్రం మరిచిపోకండి. పిడుదులకు కుక్క ఒంటి మీద వేసే కొన్ని మందుల్లో పెర్మెత్రిన్ ఉంటుంది. అది పిల్లికి విషం. కుక్కను నాకినా, ఆనుకుని పడుకున్నా వణుకు, మూర్ఛ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. మందు రాయించుకునేటప్పుడే ఇంట్లో పిల్లి ఉందని డాక్టర్‌కు చెప్పండి.

గేటు తీసిన తర్వాత కొన్ని వారాల పాటు లీష్ కుక్క మెడకే ఉంచి నేల మీద వదిలేయండి, అవసరమైతే కాలితో తొక్కి ఆపొచ్చు. మీరు గడప దాటి బయటికెళ్తుంటే మాత్రం, ఎంత స్నేహంగా ఉన్నా సరే, పిల్లి దాని గదిలో, తలుపు గడియ వేసి.